గీసి చూసిన కన్ను

నేను అడిగినదానికి ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. కుక్కలకీ పిల్లులకీ వచ్చే కంటి జబ్బులు గుర్తుపట్టడం, వాటికి వైద్యం చేయడం గురించి పశువైద్యులకు పై స్థాయి శిక్షణ ఇస్తున్నారని తెలిసిన రోజు నుంచీ దాని కోసం అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వారు. ఒకసారి టీ ఇచ్చారు. జవాబు మాత్రం ఇవ్వలేదు. కాదన్న మాటకైనా ఒక మర్యాద ఉంటుంది. నాకు ఆ మర్యాద కూడా దక్కలేదు.

నేను దివిసీమలో, నాగాయలంక వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్న పశువుల ఆసుపత్రిలో డాక్టరుని. ఒకప్పుడు నా దగ్గరికి గేదెలు, ఎడ్లు, గొర్రెలు తప్ప వేరేవి వచ్చేవి కావు. రొయ్యల చెరువులు పెరిగాక గట్ల మీద కాపలాకి కుక్కలొచ్చాయి. ఆ తర్వాత ఇళ్ళల్లోకి పగ్‌లు, షిట్జూలు వచ్చాయి. ముక్కు చప్పిడిగా, కళ్ళు బయటికి పొడుచుకొచ్చినట్టు ఉండే జాతులు. మన ఎండ, మన దుమ్ము, మన కోతల కాలం వాటి కళ్ళకు పడవు. కన్ను ఎర్రబడి, నీరు కారుతూ, తెల్లబడి వచ్చేవి. గేదె కంటికి వేసే మందే వేసి పంపేవాణ్ణి. కొన్ని బాగయ్యేవి, కొన్ని గుడ్డివయ్యేవి. ఏది ఎందుకు బాగయిందో, ఏది ఎందుకు గుడ్డిదయిందో తెలిసేది కాదు. తెలియకుండా వైద్యం చేయడం నాకు సరిపడదు.

బందరులో జరిగిన ఒక సమీక్షా సమావేశంలో లేచి నిలబడి అడిగాను. మా పై అధికారి కళ్ళజోడు పైకెత్తి నన్ను చూశారు.

"దివిసీమలో కుక్కలకి కళ్ళజోళ్ళు పెడతావేంటయ్యా?" అన్నారు. "కన్ను పోయిందని గేదె పాలివ్వడం మానదు కదా. నువ్వు పాలు చూసుకో."

హాలంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్ళలో ఎవరు ఏ వరసలో కూర్చున్నారో ఇప్పుడడిగినా చెప్పగలను. ఒకాయన నవ్వు ఆగక మంచినీళ్ళు తాగాడు.

కొన్నాళ్ళకు ఆ శిక్షణకు గుడివాడ వైపు పనిచేసే డాక్టరొకర్ని పంపారు. నాకంటే బాగా చిన్నవాడు. పాపం, అతను అడగలేదట. పంపితే వెళ్ళాడు. తిరిగొచ్చి, సర్టిఫికెట్ పట్టుకుని తీయించుకున్న ఫొటో మా వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దాని కింద అందరూ చప్పట్లు, పూలగుత్తులు పెట్టారు. నేను ఏమీ పెట్టలేదు. అతను ఆ సంగతి గమనించాడని తర్వాత తెలిసింది. గమనించాలనే పెట్టలేదు.

తర్వాతి విడతకు నా సెలవు నేను పెట్టుకుని, నా అంతట నేనే వెళ్ళాను. పొరుగు రాష్ట్రంలో ఒక పశువైద్య కళాశాల. వచ్చినవాళ్ళలో చాలామందికి నగరాల్లో సొంత క్లినిక్కులు ఉన్నాయి. నా పక్క కుర్చీలో హైదరాబాదు డాక్టరొకాయన కూర్చున్నాడు.

"మీ ప్రాక్టీసు ఎక్కడండీ?"

"దివిసీమ."

"అదెక్కడ?"

"కృష్ణ సముద్రంలో కలిసేచోట."

"అక్కడ పెట్స్ ఉంటాయా?"

నేను మాట్లాడలేదు. అడిగినదానికి జవాబు రాకపోతే ఎలా ఉంటుందో అతనికీ తెలియాలి.

శిక్షణ ఇచ్చినావిడ కర్నూలు వైపు మనిషి. సన్నగా, చిన్న గొంతుతో ఉండేది. మొదటి రోజు మా చేతికి ఏ పరికరమూ ఇవ్వలేదు. తలా ఒక తెల్లకాగితం, రంగు పెన్సిళ్ళు పంచింది. బల్ల మీద ఒక ముసలి లాబ్రడార్‌ని కూర్చోబెట్టి, "దీని కన్ను చూడండి. చూసింది చూసినట్టు గీయండి. గీయడం అయ్యేదాకా జబ్బు పేరు ఎవరూ ఎత్తకూడదు. పేరు ముందు పెట్టేశారంటే ఆ తర్వాత మీకు పేరే కనిపిస్తుంది, కన్ను కనిపించదు" అంది.

"మేం డ్రాయింగు క్లాసుకి రాలేదు మేడం" అని వెనక నుంచి ఒకాయన గొణిగాడు.

"రాలేదని తెలుస్తూనే ఉంది. కనుపాపని పలకలాగా గీశారు" అందావిడ.

అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. హైదరాబాదాయన నా కాగితంలోకి తొంగిచూసి, "ఇది కన్నా అండీ, గారెనా?" అన్నాడు. ఈసారి నేను తప్ప అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వింది. ఆవిడ నవ్వును ఆవిడ నేర్పిన పనికి గౌరవంగా క్షమించాను. ఆయన నవ్వును క్షమించలేదు. హాస్టల్లో మంచం మీద కూర్చుని, అద్దం ముందు పెట్టుకుని, నా కన్నే నేను గీసుకున్నాను. గారె కాకుండా పోయేదాకా గీశాను.

ఆ తర్వాత చాలా నేర్పింది. కంటి పైపొర చిరిగినచోట మాత్రమే పట్టుకునే ఆకుపచ్చ రంగు కాగితం, కన్నీరు సరిపడా ఊరుతోందో లేదో చెప్పే కాగితం, కంటి లోపలి ఒత్తిడి కొలిచే పెన్ను లాంటి పరికరం, సన్నటి వెలుగుచారతో కంటిని పొరలు పొరలుగా చూపించే దీపం. చివర్లో కుట్లు. వెంట్రుక కన్నా సన్నటి దారం, భూతద్దాల కింద. భుజం దాకా గేదె కడుపులో పెట్టి అడ్డం తిరిగిన దూడల్ని లాగిన చేతులు నావి. మొదట్లో ఆ దారాన్ని ముడి పడేలోపే తెంపేశాయి. ఆఖరి రోజు మేడం ఒక్కొక్కరి కుట్లూ చూస్తూ వచ్చి నా దగ్గర ఆగింది.

"ఎక్కడి చేతులండీ ఇవి?"

"దివిసీమవి మేడం" అన్నాను, పక్కనాయనకు వినపడేలా.

ఇంటికొచ్చాక చెయ్యి అలవాటు తప్పకూడదు కదా. కళాశాలలో అయితే కబేళా నుంచి పంది కళ్ళు తెప్పించి ఇచ్చేవారు. ఇక్కడ నాకెవరిస్తారు? ఆదివారం పొద్దున్నే అవనిగడ్డలో మాంసం కొట్టుకి వెళ్ళి మేక కళ్ళు కావాలన్నాను.

కొట్టాయన కత్తి ఆపాడు. "కళ్ళు ఒక్కటేనాండీ?"

"కళ్ళు చాలు."

"డాక్టరుగారూ, మీరంటే గౌరవం కాబట్టి చెప్తున్నా. కళ్ళు తీసేసిన తలకాయ ఎవడు కొంటాడండీ? తలకాయ కూరలో తగువులన్నీ కళ్ళ కోసవే కదా. అల్లుడికొకటి, మావకొకటి."

నా వెనక వరసలో ఉన్నాయన అందుకున్నాడు. "కళ్ళకి వైద్యం చేస్తాడనుకుంటే కళ్ళు పీకమంటాడేంటి మావయ్యా ఈయన!"

ఆ మాటన్నాయనకు రొయ్యల చెరువుంది, గట్టు మీద రెండు కుక్కలున్నాయి. గుర్తుపెట్టుకున్నాను.

చేసేదిలేక తలకాయలే కొన్నాను. వసారాలో బల్ల వేసుకుని, భూతద్దాలు తలకు కట్టుకుని, మేక కంటిని కోసి కుట్టేవాణ్ణి. మొదటివారం మా ఆవిడ ఊరుకుంది. రెండోవారం గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మీరు కుట్లేసిన కళ్ళు నేను వండను. కావాలంటే మీరే కుట్లు విప్పుకుని తినండి."

అప్పట్నుంచి మా ఇంట్లో తలకాయ కూర కళ్ళు లేకుండానే ఉడికింది. పిల్లలు అలిగారు. నేను మానలేదు.

సార్వా కోతలై, వడ్లు రోడ్ల మీద ఆరబోస్తున్న రోజుల్లో మా ఊరావిడ ఒకామె ఆటో దిగింది. అంతకుముందు ఆవిడ దూడ కంట్లో పురుగులు పడితే కడిగి తీశాను. వెంట పెడన నుంచి వచ్చిన వాళ్ళక్క ఉంది. అక్క కలంకారీ అద్దకం పని చేస్తుంది. వేళ్ళ గోళ్ళలో ఎరుపూ నలుపూ మరకలున్నాయి. ఒళ్ళో తువ్వాలు, తువ్వాల్లో పగ్. దానికి కుడికన్ను లేదు. ఎప్పుడో వీధికుక్క కరిస్తే గుడ్డు బయటికొచ్చేసిందట, తీసేసి రెప్పలు కుట్టేశారు. ఉన్నది ఎడమకన్ను ఒక్కటే. దాన్ని గట్టిగా మూసుకుని తల అక్క చంకలో దాచుకుంది.

"వాడికి ఇదొక్కటేనండీ" అంది అక్క. "ఇది కూడా తీసేయాలంటున్నారు."

"ఎవరన్నారు?"

"గుడివాడ దగ్గర డాక్టరుగారండీ. కంటి ట్రైనింగు అయినాయనంట. కంట్లో పువ్వేసింది, ముదిరి గడ్డయిపోయిందన్నారు. ఉంచితే నొప్పికి తిండి మానేస్తాడంట. రేపు తీసుకురమ్మన్నారు, తీసేస్తారంట."

చెల్లెలు మధ్యలో వచ్చింది. "నేనే చెప్పానండీ అక్కకి. మా డాక్టరుగారు గోడ మీద ఫొటోలు పెట్టుకోడు గానీ మహా మొండి, అంతు తేల్చుకోందే వదలడు, పద అన్నానండీ."

నా గురించి ఈ జిల్లాలో ఎవరైనా చెప్పిన మొదటి మంచిమాట అది.

"కంట్లో ఏమైనా వేశారా?" అనడిగాను.

అక్క చెల్లెలి వంక చూసింది. "మా అత్తగారికి శుక్లం ఆపరేషన్ చేసినప్పుడు ఇచ్చిన చుక్కలండీ. ఫ్రిజ్‌లో మిగిలుంటే వేశాం. మంచి మందేనండీ, మా అత్తగారికి బాగా పనిచేసింది."

మా వైపు ఏ ఇంట్లో చూసినా శుక్లం తీయించుకున్న పెద్దవాళ్ళు ఒకరుంటారు. వాళ్ళకిచ్చిన చుక్కల సీసా ఫ్రిజ్ తలుపులో మిగిలిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరి కన్ను ఎర్రబడినా అదే మందు, కుక్కకైనా సరే. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గించడానికి అది మంచిదే. కంటి మీద పుండుంటే మాత్రం ఆ పుండును మాననివ్వదు, లోతుకు తవ్వుతుంది. ఇక వేయవద్దని చెప్పి, తిమ్మిరి చుక్కలు వేసి రెప్ప తెరిచాను.

నల్లగుడ్డు అంచున, ముక్కు వైపు, పెసరగింజంత ఉబ్బు. గోధుమరంగు. దాని వైపు ఎర్రటి నరాలు పాకుతున్నాయి. గడ్డే అని నోటిదాకా వచ్చింది. నోరు మూసుకుని కాగితం తీశాను.

చెల్లెలు ముందుకు వంగింది. "ఏంటండీ, బొమ్మ గీస్తున్నారు?"

"కన్ను గీస్తున్నాను."

"గీస్తే వాడికి నొప్పి తగ్గుద్దా?"

"నోరు ముయ్యవే, ఆయన్ని గీయనీ" అని అక్క కసిరింది.

నల్లగుడ్డు గీశాను, నరాలు గీశాను, ఉబ్బు దగ్గరికొచ్చాను. గుండ్రంగా గీయబోతే పెన్సిలు ఆగింది. అది గుండ్రంగా లేదు. రెండు కొసలూ మొనదేలి ఉన్నాయి. వంగి చూశాను. ఒక కొస నుంచి ఇంకో కొసకు సన్నటి గీతలు, స్కేలు పెట్టి గీసినట్టు, పక్కపక్కనే. శరీరంలో పెరిగిన గడ్డ మీద అంత తిన్నటి గీతలు ఉండవు. వాటినీ గీశాను. గీసి కాగితం దూరంగా పెట్టి చూస్తే, ఈ డెల్టాలో పుట్టిన పిల్లాడెవడైనా చెప్పగలిగే బొమ్మ అది.

"మీ ఇంటి ముందు వడ్లు ఆరబోశారా?"

"రోడ్డంతా అవేనండీ. వీడు రోజూ పోయి వాటిమీదే దొర్లుతాడు. తోలలేక చస్తున్నాం."

వడ్ల పొట్టు. బోర్లించిన పడవలాగా, లోపలి వైపు కంటికి అతుక్కుని కూర్చుంది. కన్ను దాన్ని బయటికి తోయలేక చుట్టూ నరాలు పెంచుకుంది. పొట్టు కింద పుండు, ఆ పుండు మీద రోజూ శుక్లం చుక్కలు.

అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను. "పొట్టు తీస్తేగానీ కింద పుండు ఎంత లోతుందో తెలియదమ్మా. బాగా లోతుంటే తీసిన క్షణంలోనే కన్ను చిల్లుపడి లోపలి నీరు కారిపోవచ్చు. అప్పుడు నిజంగానే కన్ను పోతుంది."

"తీయకపోతే?"

"అప్పుడూ పోతుంది. నెమ్మదిగా."

ఆవిడ పగ్ వీపు నిమిరింది. "మీరు మేక కళ్ళు కుడతారంట కదండీ. మా చెల్లి చెప్పింది. ఊరంతా నవ్వుతారంట."

"నవ్వుతారు."

"తీయండి" అంది.

కొద్దిగా మత్తిచ్చాను. మా కాంపౌండరు తల పట్టుకున్నాడు. సన్నటి గొట్టంతో సెలైన్ కొట్టాను. పొట్టు కదల్లేదు. కోణం మార్చి మళ్ళీ కొట్టాను. ఒక కొస లేచి మళ్ళీ అతుక్కుంది. ఆ కొస మళ్ళీ లేచే సమయానికి సూదిమొన కిందికి జార్చి పైకెత్తాను. పొట్టు మొత్తంగా ఊడి వచ్చింది. వెంటనే కంట్లోంచి నీరు జారింది.

నేను కొట్టిన సెలైనో, కంటి లోపలి నీరో! ఆకుపచ్చ కాగితం తడిపి అంటించి, నీలం దీపం వేశాను. లోపలి నీరు కారుతుంటే ఆ పచ్చటి రంగులో నల్లటి పాయలాగా జారుతూ కనిపిస్తుంది. దీపం దగ్గరికి జరిపి చూశాను. పచ్చటి గుంట ఒకటి మెరుస్తూ నిలబడింది. పాయ లేదు. ఇంకాసేపు చూశాను. లేదు.

"కన్ను నిలిచిందమ్మా" అన్నాను.

పొట్టును ఆవిడ అరచేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, ఏడుస్తూనే, "ఛీ, నీ మొహం మండా! దీనికోసవా వాడి కన్ను పీకేద్దావన్నారు!" అని తిట్టింది. ఎవర్ని తిట్టిందో నేనడగలేదు. విని సంతోషించాను.

పగ్ నెత్తురే కొంచెం తీసి, తేట వేరుచేసి చుక్కలుగా ఇచ్చాను. కరిగే పుండును అది నిలబెడుతుంది. దానితోపాటు వేరే మందులు, మెడకు గీరుకోకుండా గరాటా. అక్క పగ్‌ని అద్దకం షెడ్డుకే తీసుకెళ్ళి, బల్ల కింద కూర్చోబెట్టి, అద్దకం అద్దకానికీ మధ్య చుక్కలు వేసిందట. షెడ్డులో వాళ్ళు "ఒసేయ్, నీ కొడుక్కి మందు టైమైంది" అని కేకలేసేవారట. మళ్ళీ తీసుకొచ్చినప్పుడు నేను దూది ఉండ ఒకటి గాల్లోకి వదిలాను. దూది కిందపడితే చప్పుడు కాదు, చూస్తేనే తెలుస్తుంది. పగ్ తల తిప్పి దూదిని కిందిదాకా చూసి, వెళ్ళి నోట కరుచుకుంది. నల్లగుడ్డు అంచున చిన్న మబ్బు మరక మిగిలింది, అంతే.

నేను గీసిన బొమ్మ, పొట్టు ఫొటో, బాగయిన కంటి ఫొటో మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఒక్క మాట కూడా రాయలేదు. ఒక్క పూలగుత్తి కూడా రాలేదు. సాయంత్రం గుడివాడ డాక్టరు ఫోన్ చేశాడు.

"అన్నా, అది నేను తీసేద్దామన్న కన్నేనా?"

"అదే."

"మా విడతలోనూ గీయమని కాగితాలిచ్చారన్నా. ఆ రోజు మేవందరం ఊరు చూడ్డానికెళ్ళాం."

"నాకు చెప్తావేంటి? నిన్ను పంపినవాళ్ళకి చెప్పు."

విసురుగా అన్నమాట అది. అతను నిజంగానే చెప్పాడు. తర్వాతి సమావేశంలో మా పై అధికారి నా ఫొటోలనే పెద్ద తెర మీద వేయించి, "మన విభాగం సాధించిన విజయం" అని మొదలుపెట్టారు. నా పేరు లేదు, దివిసీమ పేరు లేదు. నేను లేచేలోపే గుడివాడ డాక్టరు లేచాడు.

"ఆ కన్ను తీసేద్దామన్నది నేనండీ. ట్రైనింగుకి మీరు పంపింది నన్ను. నిలబెట్టింది ఆయన, సొంతంగా వెళ్ళి నేర్చుకుని. ఆ బొమ్మ ఆయన గీసిందే."

అప్పుడు చప్పట్లు కొట్టారు. మంచినీళ్ళు తాగినాయన కూడా కొట్టాడు. నేను లేచి నిలబడి, చప్పట్లు పూర్తిగా ఆగేదాకా కూర్చోలేదు. నాకు రావలసినవే అవి.

ఇప్పుడు రెండో శనివారాల్లో మా వసారా నిండుతుంది. బంటుమిల్లి నుంచి ఒకరు, తోట్లవల్లూరు నుంచి ఒకరు, గుడివాడ డాక్టరు, మరికొందరు వస్తారు. ముందు తలా ఒక కాగితం ఇస్తాను, పేరు ఎత్తితే బయటికి పంపుతాను. తర్వాత మేక కళ్ళు. చెరువాయన తన కుక్కను తెచ్చినప్పుడు కన్ను కాపాడాను, మాంసం కొట్టు దగ్గర అన్న మాట కూడా గుర్తుచేశాను. మంగినపూడి నుంచి, ఇంకా దూరం నుంచి కుక్కలొస్తున్నాయి. సగం ఆలస్యంగా వస్తున్నాయి. మొదట చూసిన డాక్టరుకు తెలియక, ఇంట్లో చుక్కలు వేసి, నా దగ్గరికి వచ్చేసరికి తీసేయడం తప్ప ఏమీ మిగలనివి. పోయిన వారం అలాంటిదొకటి తీశాను. ఆరోగ్యంగా ఉండాల్సిన పిల్ల, షిట్జూ. నా వసారాలో పట్టేవాళ్ళు కొందరే. ఈ డెల్టాలో డాక్టర్లు అంతకంటే చాలామంది.

అందుకని మళ్ళీ అడిగాను. ఆ మేడంని గుడివాడకు పిలిపించండి, ఇక్కడి డాక్టర్లందరికీ ఆ శిక్షణ ఇక్కడే పెట్టండి, కాగితాలూ మేక కళ్ళూ నేను చూసుకుంటానన్నాను. మా పై అధికారి భుజం తట్టి "చూద్దాంలే" అన్నారు. అదొక జవాబా?

అయ్యా, కంటి వైద్యంలో చూద్దాం అంటే అప్పుడే చూడాలి. మీరు చూద్దాం అన్న రోజు నుంచి నేను తీసేసిన కళ్ళను ఎవరిస్తారు? శిక్షణ పెడతారా, పెట్టరా? పెడితే ఎప్పుడు? పెట్టకపోతే ఎందుకు పెట్టరు? వచ్చే సమావేశంలో ముందు వరసలో కూర్చుంటాను. ఈసారి టీ వద్దు. జవాబు చెప్పండి.